వంశపారంపర్యపు నరాల జబ్బులు – ఆబోతు నంబరు ఎందుకు రాయవలెను?

ఈ నెల పాఠం పాల గురించి కాదు, దాణా గురించి కాదు. సంఘంలో ఎవరూ తెరచి చూడని ఒక పుస్తకం గురించి. ఆ పుస్తకాన్ని మేము కూడ సరిగా చూడలేదని ముందే ఒప్పుకొని మొదలుపెడుతున్నాము.

కొంతకాలం క్రిందట ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి వార్షిక తనిఖీకి వెళ్ళాము. పాల కొనుగోలు రిజిస్టరు, వెన్న శాతం పుస్తకం, నగదు చిట్టా, దాణా స్టాకు అన్నీ చూచాము. పైసా తేడా లేదు. సంతకం పెట్టి లేవబోతుండగా ఒక సభ్యురాలు వచ్చి, తన పెయ్యను ఒకసారి చూడమన్నది. "మేము పశువుల డాక్టరం కాదమ్మా" అన్నాము. "డాక్టరు గారు చూశారయ్యా. మీరు పుస్తకాలు చూసేవారు గదా, నేను పుస్తకం సంగతే అడగాలి" అన్నది.

పది నెలల సంకరజాతి పెయ్య. కన్ను చురుకుగా ఉన్నది, మేత తింటున్నది, జ్వరం లేదు. నడిపిస్తే మాత్రం వెనుక కాళ్ళు తడబడి ఒకదానికొకటి అడ్డం పడుతున్నవి. మలుపు తిరిగేటప్పుడు కూలబడుతున్నది. "దాణా తక్కువ చేశానా, నీళ్ళు తక్కువ చేశానా? ఆబోతు మంచిదన్నారు. దీని తండ్రి ఏ ఆబోతో చెబితే, దాని మిగతా దూడలు ఎట్లా ఉన్నాయో కనుక్కుంటానన్నారు డాక్టరు గారు. ఆ నంబరు సంఘం పుస్తకంలో ఉంటుందట" అన్నది.

కృత్రిమ గర్భధారణ రిజిస్టరు తెప్పించాము. పందొమ్మిది నెలల క్రిందటి పేజీ తీశాము. తేదీ ఉన్నది, సభ్యురాలి పేరు ఉన్నది, వసూలు చేసిన రుసుము ఉన్నది. ఆబోతు నంబరు గడిలో మాత్రం పైదే అన్నట్లు రెండు గీతలు. పై వరుస చూస్తే అక్కడా రెండు గీతలే. పేజీ మొదటికి పోతే, ఆ మొదటి గడి ఖాళీ! నాలుగు నెలలు ఇదే తీరు. ఆ పేజీ అడుగున, క్రిందటి సంవత్సరపు తనిఖీ గుర్తుగా, మా పొట్టి సంతకం ఉన్నది.

ఆమె ఇంకొక మాట అడిగింది. "తల్లి ఆవు మళ్ళీ చూడి కట్టిందయ్యా. ఈసారి వేసింది అదే ఆబోతు విత్తనమా, వేరేదా?" మా వద్ద జవాబు లేదు. సహకార డిప్లొమాలో మాకు చట్టం, జమాఖర్చులు నేర్పారు గాని పశువుల వంశవిద్య నేర్పలేదు. ఆ తరువాత పశువైద్యాధికారులను అడిగి తెలుసుకున్నది సభ్యులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

1. రెండు తాళం చెవుల లెక్క

సంఘం నగదు పెట్టెకు ఒకే తాళం, దానికి రెండు చెవులు ఉన్నవనుకొనండి. ఒక చెవి వంగిపోయినా రెండవదానితో పెట్టె తెరుచుకుంటుంది. పని ఆగదు గనుక, ఒక చెవి చెడిందని ఎవరికీ తెలియదు. రెండూ చెడిననాడే పెట్టె తెరుచుకోక అందరికీ తెలుస్తుంది.

పశువు శరీరంలో ప్రతి పనికీ ఇట్లే రెండు చెవులు ఉంటవి. వీటినే జన్యువులు అంటారు. దూడకు ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. తల్లి తన రెండింటిలో ఏదో ఒకటే ఇస్తుంది, తండ్రి కూడ అంతే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉన్న పశువు పైకి పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. అది తింటుంది, ఎదకు వస్తుంది, పాలిస్తుంది. కాని తన సంతానంలో సగానికి ఆ చెడ్డదాన్ని పంచుతుంది. ఇటువంటి పశువును వాహకం అంటారు. కంటితో చూచి వాహకాన్ని గుర్తుపట్టగలవారు లేరు.

లెక్క ఇట్లా ఉంటుంది. వాహకపు ఆబోతు విత్తనం శుద్ధమైన ఆవుకు వేస్తే పుట్టే దూడలలో జబ్బుది ఒక్కటీ ఉండదు. కాని సగటున సగం దూడలు వాహకాలౌతవి. వాహకానికి వాహకం కలిస్తే నాలుగింట ఒకటి జబ్బుది, రెండు వాహకాలు, ఒకటి శుద్ధమైనది.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. ఒక వాహకపు ఆబోతుకు మన ఊళ్ళో 100 పెయ్యలు పుట్టినవనుకుందాము. ఒక్కదానికీ జబ్బు లేదు, అందరూ సంతోషించారు. అందులో సుమారు 50 వాహకాలు. అవి ఎదకు వచ్చినప్పుడు, నంబరు చూడకుండా అదే ఆబోతు విత్తనం మళ్ళీ వేశాము. ఆ 50 వాహకపు పెయ్యలకు పుట్టే దూడలలో నాలుగింట ఒకటి, అనగా 12 లేక 13 దూడలు, జబ్బుతో పుడతవి. మొదటి తరంలో కనబడని లోపం రెండవ తరంలో ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు నీళ్ళని, మేతని, దిష్టిని తప్పుపడతాము.

2. స్విస్ ఆవులలో మగ్గపు నడక

ఇది పుస్తకాలలోని ఊహ కాదు, నిజంగా జరిగినది. బ్రౌన్ స్విస్ అనే మేలుజాతి స్విట్జర్లాండు దేశపు పాడి ఆవు. 1869లో మొదటిసారి అమెరికాకు తీసుకుపోయారు. అక్కడ వంశావళి పుస్తకాలు పెట్టి, తరతరాల లెక్క రాసి, పాలు ఎక్కువగా ఇచ్చే వంశాలను పెంచుకుంటూ వచ్చారు.

1970ల తొలినాళ్ళలో ఆ మందలలో ఒక వింత జబ్బు గుర్తించారు. దాని గురించిన శాస్త్ర నివేదిక 1973లో వెలువడింది. దూడ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఐదు మొదలు ఎనిమిది నెలల వయస్సులో వెనుక కాళ్ళలో పట్టు తప్పుతుంది. నడిస్తే వెనుక భాగం, మగ్గంలో నాడె పోయినట్లు, అటూ ఇటూ ఊగుతుంది. అందుకే దానికి నేతగాడు అనే అర్థం వచ్చే 'వీవర్' అన్న పేరు పెట్టారు. కంటి చురుకు పోదు, ఆకలి పోదు, జ్వరం రాదు. కాని నెలలు గడిచిన కొద్దీ తూలుడు ఎక్కువై, చివరకు పశువు లేవలేని స్థితికి వస్తుంది. కోసి పరీక్షిస్తే, వెన్నుపాములో నరాల పోగులు, వాటి పైపొర క్షీణించి కనబడినవి. దీనికి మందు లేదు. తల్లి, తండ్రి ఇద్దరి నుండీ చెడ్డ జన్యువు వచ్చిన దూడకే ఈ జబ్బు వస్తుంది.

అంత జాగ్రత్తగా లెక్కలు రాసినవారి మందలలో ఇది ఎట్లా వ్యాపించింది? ఈ ప్రశ్నకు జవాబు పాలు పోసే ప్రతి సభ్యుడూ వినవలసినది. 1990లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఈ జబ్బు వాహకాలు మిగతా ఆవులకంటె ఎక్కువ పాలిస్తున్నట్లు తేలింది. 1993లో ఈ లోపపు జాడ నాలుగవ క్రోమోజోము మీద దొరికింది. పాలు పెంచే గుణం, ఈ లోపం ఒకే చోట పక్కపక్కన ఉండి, కలిసి సంక్రమించినట్లు శాస్త్రజ్ఞులు భావించారు. అందువల్ల పాలు చూచి ఆబోతును ఎంచినవారు, తెలియకనే జబ్బును కూడ ఎంచుకున్నారు. చేద నిండా పాలు వస్తుంటే లోపల ఏముందని ఎవరడుగుతారు?

ఆ తరువాత వారు చేసిన పని మెచ్చదగినది. లోపాన్ని దాచలేదు. వాహకమని తేలిన ఆబోతు పేరు పక్కనే, వంశావళిలో ఆ గుర్తు వేసి అచ్చువేశారు. కొనేవాడు పాల అంకెతోపాటు ఆ గుర్తునూ చూచి నిర్ణయించుకోగలిగాడు.

3. కుక్కల పెంపకందారులు చూపిన దారి

పాల సంఘం పత్రికలో కుక్కల సంగతి ఏమిటని అనుకోవద్దు. సభ్యులందరు కలిసి ఒక వంశ లోపాన్ని తగ్గించిన మంచి ఉదాహరణ అక్కడ ఉన్నది.

డాక్స్‌హండ్ అనేది జర్మనీలో వేటకోసం పెంచిన పొట్టికాళ్ళ కుక్కజాతి. అందులో గరుకు వెంట్రుకలు గల చిన్న రకానికి లఫోరా అనే నరాల జబ్బు ఉన్నది. స్పెయిన్ దేశపు వైద్యుడు లఫోరా 1911లో ఈ జబ్బును మనుషులలో వర్ణించాడు గనుక ఆ పేరు వచ్చింది. నరాల కణాలలో ఒక విధమైన పిండిపదార్థం ముద్దలు కట్టుతుంది. వెలుతురు తళుక్కుమన్నా, చప్పుడైనా, ఎదుట ఏదైనా చటుక్కున కదిలినా కుక్క ఉలిక్కిపడి కుదుపుకు లోనౌతుంది. రానురాను మూర్ఛలు వస్తవి.

ఈ జబ్బు సాధారణంగా ఐదేళ్ళు దాటిన తరువాతనే బయటపడుతుంది. అప్పటికి ఆ కుక్కకు ఎన్నో పిల్లలు పుట్టి, ఎక్కడెక్కడికో అమ్ముడుపోయి ఉంటవి. జబ్బు కనబడినప్పుడు ఆపుదామంటే అప్పటికే ఆలస్యం.

2005లో శాస్త్రజ్ఞులు దీని కారణం కనుగొన్నారు. జన్యువులో ఒక చిన్న భాగం మామూలుగా రెండు మూడు సార్లు వరుసగా ఉంటుంది. జబ్బు కుక్కలలో అదే భాగం ఇరవై సార్ల వరకు, అంతకు మించి కూడ ఉన్నది. గుమాస్తా పరధ్యానంలో ఒకే పద్దును ఇరవై సార్లు ఎక్కించినట్లన్నమాట. కారణం తెలిసిన తరువాత రక్త పరీక్ష వచ్చింది.

ఇంగ్లండులో ఆ జాతి పెంపకందారుల క్లబ్బువారు తమ కుక్కలకు పరీక్షలు చేయించి, ఫలితాలు బయటపెట్టే పద్ధతి తెచ్చారు. జబ్బు రాగల జతల నుండి వచ్చే ఈతలు 2012 ప్రాంతంలో నూటికి 55 ఉండగా, ఐదేళ్ళలో 5కు లోపుకు దిగినవి. వారు వాహకాలన్నిటినీ ఏరివేయలేదు. వాహకాన్ని శుద్ధమైనదానితోనే జతకట్టారు. అట్లా జత కడితే జబ్బు పిల్ల పుట్టదని మన తాళం చెవుల లెక్కలో చూచాము. అన్నిటినీ ఒక్కసారి తీసివేస్తే చిన్న జాతిలో మిగిలేవి కొద్ది, ఆ కొద్దిలో మరొక లోపం పెరుగుతుంది. కనుక తెలుసుకొని జతకట్టడమే మార్గము. తెలుసుకోవాలంటే పుస్తకం తెరిచి ఉండవలెను.

4. ఇది మన కొట్టంలోకి ఎట్లా వస్తుంది?

మన జిల్లాలలో బ్రౌన్ స్విస్ రక్తం అరుదు. కేరళలోని సునందిని, కర్నాలులో సాహివాల్ ఆవుతో కలిపి తయారుచేసిన కరణ్ స్విస్ ఆ జాతి నుండి వచ్చినవి. మన కొట్టాలలో జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులే ఎక్కువ. అయినా సూత్రం అన్నిటికీ ఒకటే.

హోల్‌స్టీన్‌లో సిట్రులినీమియా అనే లోపం ఉన్నది. దూడ బాగానే పుడుతుంది. రెండు మూడు రోజులలో మందగించి, తలను గోడకు ఆనించి నెట్టుతుంది, చూపు పోతుంది, గిలగిల కొట్టుకొని వారం తిరగక మునుపే చనిపోతుంది. రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడుకు ఎక్కడమే దీనికి కారణం. ఆస్ట్రేలియాలో ఇది లిన్‌మాక్ క్రిస్ కింగ్ అనే అమెరికా ఆబోతు విత్తనం ద్వారా వ్యాపించింది. అదే జాతిలో బ్లాడ్ అనే మరొక లోపం ఉన్నది. అది నరాలది కాదు, దూడకు రోగాలను తట్టుకొనే శక్తి లేకుండా చేస్తుంది. దాని మూలం 1952లో పుట్టిన ఆస్‌బర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతు. కారణమైన జన్యు లోపం తెలిసినది 1992లో. నలభై ఏళ్ళలో దాని వంశం ఎన్ని దేశాలకు పాకిందో ఊహించుకొనండి.

ఇది చదివి కృత్రిమ గర్భధారణ వద్దని ఎవరూ అనుకోరాదు. నిజానికి మాట తిరగబడి ఉన్నది. మన దేశంలో ఘనీకృత వీర్య కేంద్రాలకు నిర్ణయించిన కనీస ప్రమాణాల ప్రకారం హోల్‌స్టీన్ రక్తపు ఆబోతులకు బ్లాడ్, సిట్రులినీమియా వంటి లోపాల పరీక్ష చేయవలసి ఉన్నది. ఊళ్ళో వదిలిన సంకరజాతి కోడెకు ఏ పరీక్షా ఉండదు. పైగా అది ఏ ఆబోతుకు పుట్టిందో, అదే ఆబోతుకు పుట్టిన పెయ్యలు వీధి వీధినా ఉంటవి. అన్నా చెల్లెళ్ళు కలిసినట్లే. దాగిన లోపం పరీక్షలో లేనిదైనా కావచ్చు. దగ్గర సంబంధం కలపకపోవడమే దానికి విరుగుడు, అందుకు తండ్రి నంబరు తెలియవలెను.

5. తడబడిన ప్రతి దూడా వంశ లోపం కాదు

దెబ్బ తగిలినా, ఖనిజాల లోపమున్నా, సర్రా వంటి రోగాలు వచ్చినా పశువు తూలవచ్చును. అన్నిటికంటె ముఖ్యం, పిచ్చికుక్క కాటువల్ల వచ్చే రేబిస్ జబ్బులో కూడ వెనుక కాళ్ళు పట్టు తప్పుతవి. చొంగ కారడం, వింతగా అరవడం, మింగలేకపోవడం కనబడితే గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టరాదు. అది ప్రాణాపాయం. వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలెను. ఏది ఏ జబ్బో తేల్చవలసినది వారే. మన వంతు వారు అడిగిన నంబరు అందించడము.

6. సంఘము, సభ్యులు చేయవలసినవి

(1) ప్రతి వీర్యపు స్ట్రా మీద ఆబోతు నంబరు, జాతి, తయారైన కేంద్రం గుర్తు అచ్చువేసి ఉంటుంది. వేసినవారిచే ఆ నంబరును రిజిస్టరులో పూర్తిగా రాయించవలెను. రెండు గీతలు పెట్టరాదు.

(2) సభ్యులు ఖాళీ స్ట్రాను అడిగి తీసుకొని, కడిగి ఆరబెట్టి, తేదీ రాసిన కాగితంలో చుట్టి పాల పాసు పుస్తకంలో దాచుకొనవలెను. పుస్తకం పోయినా స్ట్రా ఉంటుంది.

(3) దూడ పుట్టగానే తల్లి చెవిపోగు నంబరు, తండ్రి నంబరు రాయించవలెను. దూడకు 12 అంకెల చెవిపోగు వేసినప్పుడు ఆ వివరాలు కూడ ఎక్కించమని అడుగవలెను.

(4) పెయ్య మొదటిసారి ఎదకు వచ్చినప్పుడు దాని తండ్రి నంబరు గోపాలమిత్రకు చూపి, వేరే ఆబోతు విత్తనం వేయించవలెను.

(5) రెండేళ్ళకొకసారైనా ఊరికి తెచ్చే ఆబోతుల నంబర్లు మార్చమని సంఘం తరఫున కోరవలెను.

(6) లోపంతో దూడ పుడితే దాచరాదు. రాత్రికి రాత్రి సంతకు తోలరాదు. రిజిస్టరులో రాయించి పశువైద్యాధికారికి తెలుపవలెను. ఒక్క ఇంటిలో పుడితే దురదృష్టమనిపిస్తుంది. ఒకే నంబరు కింద మూడు ఇళ్ళలో పుడితే అది సాక్ష్యం.

(7) పాలకవర్గ సమావేశంలో మూడు నెలలకొకసారి ఈ రిజిస్టరును బల్లమీద పెట్టవలెను.

7. సమావేశంలో చర్చించుటకు ప్రశ్నలు

(అ) వాహకపు ఆబోతుకు పుట్టిన దూడలన్నీ ఆరోగ్యంగా ఉన్నవి. అయితే లోపం లేదని చెప్పవచ్చునా?
(ఆ) పాలు ఎక్కువ ఇచ్చిన వంశమే జబ్బును ఎట్లా వ్యాపింపజేసింది?
(ఇ) మన సంఘం రిజిస్టరులో గత ఆరు నెలలలో ఎన్ని గడులు ఖాళీగా ఉన్నవి? ఇప్పుడే తెప్పించి లెక్కపెట్టండి.

చివరి మాట. ఆ సభ్యురాలి పెయ్య కోలుకోలేదు. అది వంశపు జబ్బో, వేరొకటో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ నాలుగు నెలలలో ఊరికి వచ్చినవి ఎన్ని ఆబోతుల విత్తనాలో, ఏ ఇంటికి ఏది వేశారో తెలియలేదు. తల్లి ఆవు మళ్ళీ ఈనింది. దూడ బాగున్నది, గంతులు వేస్తున్నది. అయితే అది మా తనిఖీ గొప్ప కాదు, ఆమె అదృష్టము. సంఘం పెట్టుకున్నది సభ్యులు అదృష్టం మీద ఆధారపడకుండా ఉండేందుకు.

ఆ రోజు నుండి మేము ఏ సంఘానికి వెళ్ళినా నగదు చిట్టా కంటె ముందు కృత్రిమ గర్భధారణ రిజిస్టరే అడుగుతున్నాము. నగదు తేడా వస్తే కార్యదర్శి చేత కట్టించవచ్చును. ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరిచేత కట్టించగలము?